గర్భసంచి తీయిస్తేనే చేర్చుకుంటామన్న వసతి గృహం: బెంగళూరు నుంచి ఒక సమీక్ష

బెంగళూరు తూర్పు శివారులో, హోసకోటె వెళ్ళే దారి నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక కొత్త లేఅవుట్‌లో, మేధో వైకల్యం ఉన్న స్త్రీల కోసం నడుస్తున్న ప్రైవేటు వసతి గృహాన్ని మా చెల్లెలి కోసం ఈ ఏడాది రెండుసార్లు చూసి వచ్చాం. చేర్పించలేదు. ఎందుకు చేర్పించలేదో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. గృహం పేరు మాత్రం రాయడం లేదు. అక్కడ ఇప్పటికే ఉంటున్న 22 మందికి ఏ ఆపరేషన్ జరిగి ఉంటుందో బయటివాళ్ళు ఊహించుకునే అవకాశం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పైగా, మాకు ఎదురైన షరతు ఆ ఒక్క చోటే ఉన్నది కాదని, ఇలాంటి బిడ్డలున్న తల్లిదండ్రులతో మాట్లాడిన కొద్దీ తెలిసివచ్చింది.

మాది హిందూపురం. నాన్న పోయాక అమ్మనూ చెల్లెలినీ రామమూర్తినగర్‌లోని మా ఇంటికి తెచ్చుకుని ఆరేళ్ళయింది. అమ్మకు 72 ఏళ్ళు, మోకాళ్ళు పట్టేసి మెట్లు ఎక్కలేదు. నేనూ మా ఆయనా ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళం. ‘నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారు’ అని అమ్మ రాత్రిళ్ళు అడిగే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఆ గృహం దాకా వెళ్ళాం. చెల్లెలికి 31 ఏళ్ళు. ఆమె బస్సు నంబరు చదవలేదు, చిల్లర లెక్కపెట్టలేదు. బియ్యం ఏరుతుంది, బట్టలు మడత పెడుతుంది, ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు తెచ్చిస్తుంది, తనకు ఇష్టం లేనిదాన్ని ఇష్టం లేదని గట్టిగా చెబుతుంది. వీటిలో చివరిదాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

బాగున్నవాటిని దాచడం న్యాయం కాదు కనుక ముందు వాటి గురించి చెబుతాను. భవనానికి మంచి గాలీ వెలుతురూ ఉన్నాయి. గదికి ముగ్గురే ఉంటారు, ఒక్కొక్కరికి సొంత బీరువా ఉంది. స్నానాల గదుల్లో జారని బండలు వేశారు, పట్టుకోవడానికి గోడకు కమ్మీలు బిగించారు. వంట చేసే ఆవిడది మదనపల్లె వైపు. మేం వెళ్ళిన రోజు సంగటీ, చెనక్కాయల చట్నీ, ఆకుకూర పప్పూ పెట్టారు. మా చెల్లెలు రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఆయాలు కోలారు, చిత్తూరు ప్రాంతాలవాళ్ళు కావడంతో తెలుగూ కన్నడమూ రెండూ వినిపిస్తాయి, భాష తెలియని చోట పడేస్తున్నామన్న బెంగ ఉండదు. పగటిపూట కాగితపు కవర్లూ కొవ్వొత్తులూ చేయిస్తారు. నెలకు 26,000 రూపాయలు, డిపాజిట్ లక్షన్నర, దరఖాస్తుకు 2,000. బెంగళూరులో ఈ మాత్రం సౌకర్యానికి ఇది అన్యాయమైన ధర అని నేను అనను. లోపలివాళ్ళలో అందరికంటే చిన్నామెకు 19 ఏళ్ళు, పెద్దామెకు 50 దాటాయి. అందరినీ ‘పిల్లలు’ అనే పిలవడం మాత్రం నాకు మొదటి పూటే మనసుకు పట్టలేదు.

దరఖాస్తు నాలుగు పేజీలు ఉంటుంది. మూడో పేజీలో, రక్తం గ్రూపుకూ టీకాల వివరాలకూ మధ్య, 11వ అంశంగా ఒక వాక్యం ఉంది. యుక్తవయసు వచ్చిన స్త్రీలకు గర్భసంచి తొలగించినట్టు డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి, లేదా చేరిన 3 నెలల్లోగా ఆ ఆపరేషన్ చేయించడానికి ఒప్పుకుంటున్నట్టు సంరక్షకులు సంతకం చేయాలి అని దాని సారాంశం. నేను తప్పుగా చదివానేమోనని మేనేజరు గారిని అడిగాను. ఆయన ఏ సంకోచమూ లేకుండా, ఎంతో మర్యాదగా, అది నిజమేనని చెప్పారు. నెలసరి రోజుల్లో శుభ్రం చేయడం ఆయాలకు కష్టమని, అందుకే పని మానేస్తున్నారని, ‘రేపు ఏదైనా జరగరానిది జరిగితే’ గృహానికి చెడ్డపేరు వస్తుందని వివరించారు. ‘మీ మంచికే చెబుతున్నాం మేడమ్, ఆ అమ్మాయికి నెలనెలా ఆ బాధ ఎందుకు?’ అన్నారు. ఆమెను అడిగారా అని నేనంటే, ‘ఆమెకేం తెలుస్తుంది మేడమ్’ అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు మా చెల్లెలు నా పక్క కుర్చీలోనే, నా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని ఉంది.

ఆమెకేం తెలుసో నేను ఇక్కడ కాస్త వివరంగా రాయాలి. 13వ ఏట పెద్దమనిషి అయినప్పుడు ఆమె రక్తం చూసి భయపడి గంటసేపు ఏడ్చింది. హిందూపురంలో అప్పుడు మాకు ఏ శిక్షణ కేంద్రమూ తెలియదు. అమ్మే ఒక పద్ధతి కనిపెట్టింది. గోడ క్యాలెండరులో ఆ రోజుల చుట్టూ కుంకుమతో గుండ్రంగా గీసేది. పాత లోదుస్తుల మీద ప్యాడ్ ఎక్కడ పెట్టాలో ఎర్రదారంతో కుట్టి చూపించేది. నెలసరి లేని రోజుల్లో కూడా, పప్పు రుబ్బడం నేర్పినట్టు, తీయడమూ కాగితంలో చుట్టడమూ డబ్బాలో వేయడమూ చేతులు కడుక్కోవడమూ వరసగా చేయించేది. ఒక్కో మెట్టు రావడానికి నెలలు పట్టింది, మొత్తం నేర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ రోజు మా చెల్లెలు ఆ పనంతా తనే చేసుకుంటుంది. ఒక్కోసారి మరక పడుతుంది. మరక పడిన బట్టను బకెట్లో నానవేసి, ‘అక్కా, నానేసినా’ అని వచ్చి చెబుతుంది. అమ్మ ఏడాదిన్నర ఓపిక పట్టి నేర్పినదాన్ని ఒక్క పూట ఆపరేషన్‌తో అనవసరం చేసేయమని ఆ 11వ అంశం మమ్మల్ని అడుగుతోంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక నేను ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టి, చాలా రోజులు చదివాను. సంస్థ గడపకూ ఈ ఆపరేషన్‌కూ ఉన్న సంబంధం నూరేళ్ళకు పైబడినదని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. ప్రపంచంలో మొదటిసారి బలవంతపు సంతాన నిరోధ ఆపరేషన్లను చట్టబద్ధం చేసింది అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, 1907లో. తర్వాత మరెన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. వర్జీనియాలో 1924లో చట్టం వచ్చిన ఏడాదే క్యారీ బక్ అనే 17 ఏళ్ళ అమ్మాయిని, మూర్ఛరోగులూ మందబుద్ధులూ అని ముద్ర వేసినవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపిన కాలనీకి పంపారు. ఆమె చేసిన తప్పల్లా, తనను పెంచుకుంటున్న ఇంటివారి బంధువు చేసిన అత్యాచారం వల్ల గర్భవతి కావడమే. తల్లి అప్పటికే అదే కాలనీలో ఉంది, పుట్టిన పాపకు కూడా నెలల వయసులోనే బుద్ధి తక్కువని ముద్ర వేశారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా, క్యారీకి పిల్లలు పుట్టకుండా కాలనీ చేయాలనుకున్న ఆపరేషన్‌ను సమర్థించింది. మూడు తరాల బుద్ధిహీనులు చాలునని జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్ తీర్పులో రాశారు. ఆ అక్టోబరులో క్యారీకి ఆపరేషన్ చేసి, కొన్నాళ్ళకు బయటికి పంపేశారు. ఆ పాప బడిలో మంచి మార్కుల విద్యార్థుల జాబితాలో చేరింది, ఎనిమిదేళ్ళకే జబ్బు చేసి చనిపోయింది. క్యారీ చెల్లెలు డోరిస్‌కు కూడా 1928లో అదే ఆపరేషన్ చేశారు, అపెండిసైటిస్ అని చెప్పి. పిల్లలు ఎందుకు పుట్టలేదో ఆమెకు ముసలితనంలో గానీ తెలియలేదు. డోరిస్ సంగతి చదివినప్పుడు, ‘కడుపునొప్పికి అని చెబితే సరిపోతుంది’ అని మేనేజరు గారు మాకు ఇచ్చిన సలహా గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి.

అమెరికాలో అలా మొత్తం 60,000 మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. చాలా సంస్థల్లో ఆపరేషన్ చేయించుకుంటేనే బయటికి వదిలేవారు. అంటే అక్కడ అది బయటికి వెళ్ళడానికి కట్టే సుంకం, మాకు ఇక్కడ లోపలికి రావడానికి కట్టమన్న సుంకం. జర్మనీలో నాజీ ప్రభుత్వం 1933 జులైలో తెచ్చిన చట్టంలో మొదటి వర్గమే ‘పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యం’. సుమారు 4 లక్షల మంది ఆ చట్టానికి బలయ్యారు. నాజీలతోనే ఇది ముగిసిందని నేను ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. అది పొరపాటు. సంక్షేమానికి పేరుపొందిన స్వీడన్‌లో 1934లో మొదలై 1970ల దాకా సుమారు 63,000 ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం స్త్రీలకే. ఒత్తిడితోనో బలవంతంగానో ఆపరేషన్ జరిగినవాళ్ళకు తలా 1,75,000 క్రోనార్ల పరిహారం ఇవ్వడానికి 1999లో గానీ చట్టం రాలేదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో లైలానీ మ్యూర్ అనే అమ్మాయిని ఒక ప్రభుత్వ శిక్షణ పాఠశాలలో పెట్టి, 14 ఏళ్ళ వయసులో, 1959లో, అపెండిక్స్ అనే చెప్పి ఆపరేషన్ చేశారు. పెళ్ళయి పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరిగినప్పుడు ఆమెకు నిజం తెలిసింది. ఆమె ప్రభుత్వం మీద దావా వేసి 1996లో గెలిచింది.

జపాన్ కథ ఇంకా దగ్గరి కాలానిది. అక్కడ 1948లో వచ్చిన యూజెనిక్ రక్షణ చట్టం 1996 దాకా అమల్లో ఉంది. ‘మేలైన’ లక్షణాలు ఉన్నవాళ్ళే పిల్లల్ని కనాలి, మిగతావాళ్ళు కనకూడదు అనే సిద్ధాంతాన్నే యూజెనిక్స్ అంటారు. అవసరమైతే కట్టేసి, మత్తు ఇచ్చి, మోసం చేసి అయినా ఆపరేషన్ చేయవచ్చని 1953లో ప్రభుత్వమే అధికారికంగా సూచించింది. సుమారు 25,000 మందికి ఆ చట్టం కింద ఆపరేషన్లు జరిగాయి. 15 ఏళ్ళ వయసులో ఆపరేషన్ జరిగిన, మేధో వైకల్యం ఉన్న ఒక స్త్రీ 2018లో మొట్టమొదటి దావా వేసింది. ఆమె తరఫున నడుం కట్టినది ఆమె వదిన అని చదివినప్పుడు, ఇలాంటి పోరాటాలన్నీ చివరికి ఒక ఇంటి మనిషి పట్టుదల మీద నిలబడి ఉంటాయని అనిపించింది. 2024 జులై 3న జపాన్ సుప్రీంకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

మన దేశంలో ఇలాంటి చట్టం లేకపోయినా పని జరిగింది. 1994లో మహారాష్ట్రలో పుణె దగ్గరి శిరూరు ప్రభుత్వ వసతి గృహంలోని మేధో వైకల్యం ఉన్న యువతులకు పుణె ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత పాటించలేకపోతున్నారన్నదే అప్పుడు చెప్పిన కారణం. మహిళా సంఘాలు గట్టిగా అడ్డుపడితే గానీ మిగిలినవాళ్ళ ఆపరేషన్లు ఆగలేదు. 30 ఏళ్ళ తర్వాత మేనేజరు గారి నోట నేను విన్నది దాదాపు అవే మాటలు. అమెరికాలోనూ జర్మనీలోనూ, అబద్ధమే అయినా, వంశం గురించిన ఒక సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకున్నారు. ఇక్కడ ఆ సిద్ధాంతం కూడా లేదు. గుడ్డలు ఉతికే శ్రమ తప్పడం కోసం, అక్కడ పిల్లలు పుట్టకుండా చేసిన నాళాల ఆపరేషన్ కంటే పెద్దదైన ఆపరేషన్ చేసి, ఆరోగ్యంగా ఉన్న అవయవాన్నే తీసేస్తున్నారు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి కనుక, ‘అందరూ తీయించుకుంటున్నారు కదా’ అన్న మాట మనవాళ్ళ నోట తేలిగ్గా వస్తుంది. మా బంధువుల నోటా వచ్చింది.

గృహం వాళ్ళు ఒక నర్సింగ్ హోమ్ చీటీ ఇచ్చారు. మేం అక్కడికి వెళ్ళకుండా, మాకు నమ్మకమైన ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆ డాక్టరమ్మ మొదటి ప్రశ్న మమ్మల్ని అడగలేదు. మా చెల్లెలి వైపు తిరిగి, కడుపు బొమ్మ ఉన్న పుస్తకం తెరిచి, నెలసరి రోజుల్లో నొప్పి ఉంటుందా, రక్తం ఎక్కువ పోతుందా అని వచ్చీరాని తెలుగులో మెల్లగా అడిగారు. చెల్లెలు మొదటి రోజు నొప్పి అని చేత్తో చూపించింది. దానికి మాత్రలు చాలన్నారు. రక్తస్రావం మరీ ఎక్కువైనా ముందు మందులతోనే ప్రయత్నించాలని, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లుడిగి ఎముకలు పలచబడతాయని, అండాశయాలు ఉంచినా అవి ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం ఉందని మాకు వివరించారు. ఆపరేషన్ అవసరమా అని అమ్మ అడిగితే, ‘ఈమెకు ఏ జబ్బు ఉందని తీయాలమ్మా’ అన్నారు.

భద్రత సంగతికి వస్తే, నాకు కోపం తెప్పించినది అదే. గర్భసంచి తీయడం వల్ల గర్భం రాదు, అంతే. చెయ్యి వేసేవాడు చెయ్యి వేయడం మానడు. పైగా, చెప్పుకోలేని మనిషి మీద జరిగిన అఘాయిత్యం బయటపడే ఒక్క దారి కూడా మూసుకుపోతుంది. రాత్రిపూట కాపలా ఎవరు, మగవాళ్ళు ఏ అంతస్తు దాకా రావచ్చు, ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఒంటి మీద ఎవరు ఎక్కడ తాకకూడదో లోపలివాళ్ళకు నేర్పుతారా అని నేను నాలుగు ప్రశ్నలు అడిగాను. రాత్రి ఇద్దరు ఆయాలు ఉంటారన్న జవాబు తప్ప మరేదీ రాలేదు. అంటే ఆ గృహానికి ఉన్న భద్రతా ఏర్పాటు మొత్తం ఆ 11వ అంశమే.

రెండోసారి వెళ్ళినప్పుడు చట్టం ప్రతిని పట్టుకెళ్ళాను. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 10వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న ఏ వ్యక్తికీ తన స్వేచ్ఛాయుతమైన, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్య ప్రక్రియ ఏదీ చేయకూడదు. చండీగఢ్‌లోని ప్రభుత్వ సంస్థలో ఉండగా అత్యాచారానికి గురై గర్భవతి అయిన, మేధో వైకల్యం ఉన్న యువతికి, ఆమె బిడ్డను కోరుకుంటున్నా గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశిస్తే, 2009లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది; బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది. ఒకప్పుడు ఇలాంటివాళ్ళకు బలవంతంగా ఆపరేషన్లు చేయించిన యూజెనిక్స్ సిద్ధాంతాన్ని కూడా అదే తీర్పులో తప్పుపట్టింది. ఇవన్నీ చదివి వినిపిస్తే మేనేజరు గారు శాంతంగా విని, ‘చట్టం మాకూ తెలుసు మేడమ్, అందుకే సంతకం మీ చేత పెట్టిస్తున్నాం’ అన్నారు. చట్టం అడుగుతున్నది ఆ మనిషి సమ్మతి. అక్కగా నా సంతకం దానికి బదులు కాదు. ఆ మాట చెప్పాక మా మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగలలేదు.

ఇలాంటి గృహం వెతుకుతున్న కుటుంబాలకు నేను చెప్పేది ఒకటే: ఎండకు పడి అంత దూరం వెళ్ళకముందే దరఖాస్తు పేజీలన్నీ ఫోన్లో తెప్పించుకుని చదవండి. షరతు కాగితం మీద లేకపోతే, నెలసరి విషయంలో మీరేం చేస్తారని నోటితో అడగండి. మాకు అలా అడిగినప్పుడు ఒక చోట, ‘నేర్పిస్తాం, రాకపోతే ఆయా సాయం చేస్తుంది’ అన్న జవాబు వచ్చింది. అది ఎలహంక అవతల ఉంది, ప్రస్తుతానికి ఖాళీ లేదు, పేరు నమోదు చేసుకుని వచ్చాం. అప్పటిదాకా చెల్లెలు మా వీధి చివర ఉన్న పగటి కేంద్రానికి వెళ్తోంది.

ఈ గృహానికి నేను ఐదుకు ఒక్కటి ఇస్తున్నాను. ఆ ఒక్కటీ వంటావిడకూ, మా చెల్లెలి జడ ఊడిపోతే అడగకుండానే వచ్చి అల్లిన ఆయాకూ. 11వ అంశం తీసేయమని యాజమాన్యానికి ఉత్తరం రాసి రెండు నెలలైంది. కమిటీలో చర్చిస్తామని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. దరఖాస్తు రుసుము వాపసు రాలేదు. మా చెల్లెలికి మాత్రం ఆ చోటు నచ్చింది. ఆ సంగటినీ, కిటికీ పక్కన తనకు చూపించిన మంచాన్నీ గుర్తుపెట్టుకుని, ‘అక్కా, ఆ ఇంటికి ఎప్పుడు పోదాం’ అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది. ఆ వాక్యం కొట్టేసిన కాగితం ఇస్తే, లక్షన్నర డిపాజిట్ కట్టడానికి మేం సిద్ధంగానే ఉన్నాం.